41 అడుగుల సైకిలు, రెండు గజాల ట్యాంకు: పాతబస్తీ లోహపు వింతలు

2005 జూలై 1న హైదరాబాద్‌లో ఒక మూడు చక్రాల సైకిలు రోడ్డెక్కింది. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. పొడవు 37 అడుగుల 4 అంగుళాలు. చక్రం వ్యాసమే 17 అడుగులు. ఆ చక్రం ఒక్క చుట్టు తిరిగితే సైకిలు 53 అడుగులు ముందుకు పోతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రైసైకిల్‌గా గిన్నిస్ పుస్తకం దాన్ని నమోదు చేసుకుంది. కట్టినాయన కె. సుధాకర్ యాదవ్. బహదూర్‌పురాలో జూపార్కుకు కూతవేటు దూరంలో 2010లో ఆయన తెరిచిన సుధా కార్స్ మ్యూజియం పాతబస్తీ చూడవచ్చిన పిల్లలకు ఇప్పుడు తప్పనిసరి మజిలీ.

ఈ రికార్డును చాలామంది ఎత్తు చూసి మెచ్చుకుంటారు. నాకు మాత్రం అసలు ఘనత గొట్టాల మందంలో కనిపిస్తుంది. మీటరు ఎత్తున్న మామూలు ట్రైసైకిల్‌ని ఉన్నదున్నట్టుగా 12 రెట్లు పెంచామనుకుందాం. పొడవు 12 రెట్లు, వెడల్పు 12 రెట్లు, ఎత్తు 12 రెట్లు పెరుగుతాయి కాబట్టి బరువు 1,728 రెట్లు అవుతుంది. ఆ బరువును మోసే గొట్టం కోత వైశాల్యం మాత్రం 144 రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి చదరపు అంగుళం ఇనుము మీదా 12 రెట్లు ఎక్కువ భారం. ఉన్నదున్నట్టు పెంచితే బండి తన బరువుకి తానే వంగిపోతుంది. ఈ సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఎముకల బొమ్మ గీసి మరీ చెప్పాడు. చిన్న జంతువు ఎముకను పెద్ద జంతువుకి అమర్చాలంటే పొడవు పెంచితే చాలదు, లావు ఇంకా ఎక్కువ పెంచాలి. బహదూర్‌పురా వెల్డింగ్ పనివారు ఆ లెక్కకు ఇనుముతోనే జవాబు చెప్పారు.

అదే మ్యూజియంలో లెక్క తిరగబడిన బండ్లూ ఉన్నాయి. అడుగుకు కాస్త పైబడిన ఎత్తులో నడిచే మోటార్ సైకిలు ఉంది. వంకాయ, బర్గర్, కెమెరా, క్రికెట్ బ్యాటు, హ్యాండ్‌బ్యాగు, ఎత్తుమడమ చెప్పు ఆకారాల్లో నిజంగా నడిచే కార్లున్నాయి. పొగతాగవద్దని చెప్పడానికి సిగరెట్ ఆకారంలో బండి ఉంది. 1922 నాటి ఫోర్డ్ టూరర్‌ను రెండంతస్తుల ఇల్లంత ఎత్తుకు పెంచి కట్టిన కారూ ఉంది. రేకు వంచడం, అతుకు కనబడకుండా నునుపు చేయడం, లోపల ఇంజనుకు ఊపిరాడే చోటు వదలడం, ఇవన్నీ తెలిసిన చేతుల పని. చూసేవారు చెప్పు కారు ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. ఒకసారి వంగి దాని కింద చట్రం ఎలా మలిచారో చూడమని నా మనవి.

కొలత మారితే లోహం ప్రవర్తన మారుతుందన్న ఈ సత్యాన్ని ఇంకా దగ్గరగా చవిచూసేవారు మరికొందరున్నారు. వాళ్లు లోహపు ట్యాంకు నమూనాలు కట్టే అభిరుచిపరులు. ప్లాస్టిక్ ముక్కలు జిగురుతో అంటించే చిన్న బొమ్మల సంగతి కాదు నేను చెప్పేది. అల్యూమినియం పలకలు, ఉక్కు ఇరుసులు, ఇత్తడి పోతలు పెట్టెల్లో వస్తే నెలల తరబడి కూర్చుని కట్టే పెద్ద కిట్లు. బ్రిటన్‌కు చెందిన ఆర్మర్‌టెక్ వంటి సంస్థలు 1:6 కొలతలో ఇలాంటివి తయారుచేస్తాయి. ఆరడుగుల మనిషి ఆ కొలతలో సరిగ్గా ఒక అడుగు బొమ్మ అవుతాడు.

ట్యాంకు గురించి పాతబస్తీలో మాట్లాడటానికి పెద్ద కారణమే ఉంది. మన అర్జున్ ట్యాంకు ఒంటిమీది కవచానికి కంచన్ అని పేరు. ఆ పేరు కంచన్‌బాగ్ నుంచే వచ్చింది. చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్ల పక్కనున్న ఆ కంచన్‌బాగ్‌లోనే రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. ఉక్కు పలకల నడుమ పింగాణీ జాతి పలకలు పొదిగే ఆ కవచాన్ని రూపొందించింది అక్కడే. దాని పక్కనే 1973లో పుట్టిన మిధాని ప్రత్యేక మిశ్రమ లోహాలు పోత పోస్తుంది. చార్మినార్ దగ్గర గాజుల బేరం చేసి ఆటో ఎక్కితే కాసేపట్లో చేరే చోట దేశపు ట్యాంకు కవచానికి పురుడుపోశారన్న మాట ఈ ఊరి పిల్లలకు బడిలోనే చెప్పాలి.

ఆ అర్జున్‌నే కుదించి చూద్దాం. మొదటి రకం అర్జున్ బరువు 58.5 టన్నులు. ఫిరంగి ముందుకు చాచి ఉంటే పొడవు 10.64 మీటర్లు. 1:35 కొలతలో అది 30 సెంటీమీటర్ల బొమ్మ. లోపలా బయటా అసలు ట్యాంకు లాగే లోహంతో నింపినా కిలోన్నర లోపే తూగుతుంది. 1:16లో 66 సెంటీమీటర్లు, 14 కిలోలు. 1:6కి వచ్చేసరికి పొడవు 1.77 మీటర్లు, అంటే దాదాపు రెండు గజాలు. బరువు 271 కిలోలు! పొడవు ఆరో వంతు అయితే బరువు 216వ వంతు అవుతుంది, అయినా 271 కిలోలంటే నలుగురు మనుషులు కూడా సులువుగా ఎత్తలేని బరువు. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు బరువే ఉంటుంది, పైగా లోపల ఇంజను, గుళ్లు ఉండవు కాబట్టి కిట్లు ఇంతకన్నా తేలికగానే వస్తాయి. అయినా మేడమీది గదిలో కట్టడం మొదలుపెట్టేవారు మెట్ల వెడల్పు ముందే కొలుచుకోవాలి. 1:6 అర్జున్ అడ్డంగా 64 సెంటీమీటర్లు. పాతబస్తీ గల్లీ ఇళ్ల మెట్లు చాలాచోట్ల అంతే ఉంటాయి.

బరువులో ప్రపంచ రికార్డు కావాలంటే జర్మన్ల మౌస్ ఉంది. 188 టన్నులు, ఇప్పటిదాకా కట్టిన ట్యాంకులన్నిటిలోకీ బరువైనది. మిగిలిన ఒక్క మౌస్ రష్యాలోని కుబింకా మ్యూజియంలో ఉంది. దాన్ని 1:6లో లెక్క ప్రకారం కడితే 870 కిలోలు. రెండో కొసన 1917 నాటి ఫ్రెంచి రెనో ఎఫ్‌టీ ఉంది. చుట్టూ తిరిగే టరెట్‌తో తయారైన తొలి ట్యాంకు అది. అసలుది ఆరున్నర టన్నులే కాబట్టి 1:6లో 83 సెంటీమీటర్లు, 30 కిలోలు. మొదటిసారి లోహంతో కట్టేవారికి నేను చెప్పేది ఈ ఎఫ్‌టీయే. ఒంటినిండా రివెట్లు, చేయి తిరగడానికి కావలసినంత పని, ఒక్కరే ఎత్తగలిగే బరువు.

అభిరుచిపరులందరూ మోజుపడేది మాత్రం జర్మన్ టైగర్ మీదే. 57 టన్నులు, 100 మిల్లీమీటర్ల ముందు కవచం. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిషువారికి చిక్కిన టైగర్ 131 ఇప్పటికీ ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియంలో సొంత కాళ్ల మీద నడుస్తుంది. కొలతలన్నీ అసలు బండిని చూసి సరిచూసుకోవచ్చు కాబట్టి నమూనాలు కట్టేవారికి అది ప్రమాణ గ్రంథం లాంటిది.

ఇక కట్టే పని. పెట్టె విప్పగానే మరలు బిగించాలని చేతులు దురదపెడతాయి. అలా చేయకూడదు. ముందు ప్రతి పలక అంచునూ ఆకురాయితో రాసి కోత గరుకు తీసేయాలి. తర్వాత ఏ మరా బిగించకుండా పలకలన్నీ ఒకసారి కూర్చి చూడాలి. పలక అంచున వెంట్రుకవాసి తేడా ఉన్నా అది టరెట్ దాకా పోయేసరికి కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తర్వాత రంధ్రాలకు ట్యాప్ కొట్టి మరచుట్లు తీయాలి. అల్యూమినియం మీద ట్యాప్ నడిపేటప్పుడు చుక్క కిరోసిన్ వేయడం మన లేత్ వర్క్‌షాపుల్లో ఏ ఉస్తాద్‌ని అడిగినా చెబుతారు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. తొందరపడితే ట్యాప్ రంధ్రంలోనే విరుగుతుంది. విరిగిన ట్యాప్ ఉక్కు, చుట్టూ ఉన్నది అల్యూమినియం. దాన్ని బయటికి లాగడం కొత్త పలక చేయించుకోవడం కన్నా కష్టం. ట్యాపులు, సన్న డ్రిల్ బిట్లు కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాలి, జంటనగరాల్లో పనిముట్ల బజారు అదే.

1:6 కొలత అందం బోల్టుల దగ్గర తెలుస్తుంది. నిజమైన యంత్రాల్లో విరివిగా వాడే ఎం16 బోల్టు తల రెండు చదరాల మధ్య 24 మిల్లీమీటర్లుంటుంది. బజారులో దొరికే సన్న ఎం2 బోల్టు తల సరిగ్గా 4 మిల్లీమీటర్లు. ఆరుతో గుణిస్తే 24! అంటే అసలు ట్యాంకు మీద ఎం16 ఉన్నచోట నమూనా మీద ఎం2 బిగిస్తే అది బొమ్మ బోల్టు కాదు, కుదించిన అసలు బోల్టే. ఈ చిన్న సరిపోలిక చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఫిరంగి గొట్టం కూడా అంతే. అర్జున్‌ది 120 మిల్లీమీటర్ల ఫిరంగి, లోపల మెలితిరిగిన గాడులున్నది. ఇప్పటి పెద్ద ట్యాంకుల్లో అరుదైన సంగతి అది. 1:35లో ఆ రంధ్రం మూడున్నర మిల్లీమీటర్లే కాబట్టి గాడులు ఎవరికీ కనబడవు. 1:6లో అది 20 మిల్లీమీటర్లు. గాడులు లేకపోతే తెలిసినవారు వెంటనే పట్టేస్తారు.

మందం విషయంలో మాత్రం కిట్ తయారీదారులు ఒక నేర్పు చూపిస్తారు. టైగర్ ముందు కవచం 1:6లో దాదాపు 17 మిల్లీమీటర్లు ఉండాలి. పలకంతా ఆ మందం పెడితే బండి కదలదు. అందుకే మూతలు తెరుచుకునే చోట, అంచులు కనబడే చోట మాత్రం అసలు మందం చూపించి, దాగిన చోట పలుచన చేస్తారు. కన్ను వెళ్లేచోటల్లా కొలత నిజమే.

వెల్డింగ్ గీతలు చేత్తో పెట్టాల్సిందే. రెండు రకాల ముద్ద కలిపితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీని సన్నని దారంలా చుట్టి అతుకు వెంట పరిచి, తడి బ్లేడుతో నెలవంకలు నెలవంకలుగా నొక్కుతూ పోవాలి. నిజమైన వెల్డర్ కడ్డీ కదిపిన తీరు అందులో కనబడాలి. బహదూర్‌పురా రోడ్డున కిటికీ గ్రిల్లులు చేసే దుకాణం ముందు పది నిమిషాలు నిలబడి చూసినవారికి ఇది పుస్తకం చదివినవారికన్నా బాగా వస్తుంది. అతుకుల్లో మరో కిటుకు కరీంనగర్ వెండి తీగపని వారిది. మొదటి అతుకుకు ఎక్కువ వేడికి కరిగే టంకం వాడి, తర్వాతి అతుకులకు తక్కువ వేడికి కరిగేది వాడతారు. లేకపోతే రెండోది అతికేలోగా మొదటిది ఊడిపోతుంది. ఇత్తడి పనిముట్ల పెట్టెలు, పిడులు అతికే చోట ట్యాంకు కట్టేవారూ ఇదే పాటిస్తారు.

రంగుకు ముందు అల్యూమినియం మీద ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమర్ వేయాలి. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తాను సన్నని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. మామూలు రంగు ఆ పొర మీద నిలవదు, గోటితో గీకినా పెచ్చుగా లేస్తుంది. ఉక్కు మర అల్యూమినియంలో నేరుగా తగిలే చోట కూడా జాగ్రత్త. మన వానాకాలపు తేమ వాటి మధ్య చేరితే మెల్లగా అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో గ్రీజో ప్రైమరో ఉండాలి.

ట్రాకుల దగ్గరే లోహం తన విలువ చూపిస్తుంది. టైగర్‌కు ఒక్కో పక్క 96 లింకులు. రెండు పక్కలా 192 లింకులు, ఒక్కోటీ ఆకురాయితో నునుపు చేసి, పిన్ను రంధ్రం సరిచేసి, కూర్చాలి. విసుగు పుట్టే పనే. కానీ ప్లాస్టిక్ ట్రాకు బిర్రుగా నిలబడుతుంది, లోహపు ట్రాకు తన బరువుకి తాను చక్రాల మీద జారి ఒంపు తిరుగుతుంది. నిజమైన టైగర్ ఫొటోల్లో కనబడే ఒంపు అదే. కిట్ ధర చూసి వెనకాడేవారు కనీసం ట్రాకులైనా లోహంతో కొనుక్కోవాలని నా అభిప్రాయం.

ఆ ట్రాకులకు రంగు వేస్తే నాలుగు అడుగులు నడిచేసరికి రాలిపోతుంది. అందుకే రసాయనంలో ముంచి లోహాన్నే నల్లబరుస్తారు. ఈ విద్య పాతబస్తీకి శతాబ్దాల నాటి చుట్టం. పూర్వం హైదరాబాద్ రాజ్యంలో భాగమైన బీదర్ పేరుతోనే బిద్రీ పని పుట్టింది. ఎక్కువ జింకు, కొద్దిగా రాగి కలిపి పోత పోసి, గాడులు చెక్కి వెండి తీగ కొట్టి, చివర్లో బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి కాచిన నీళ్లు పట్టిస్తారు. జింకు మిశ్రమం నల్లగా నిగనిగలాడుతుంది. వెండి చెక్కుచెదరదు. రంగు పూత కాదు కాబట్టి రాలేదీ లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలు చూస్తే ఆ నలుపు ఎంత లోతుగా ఉంటుందో అర్థమవుతుంది. ట్రాకు నల్లబడ్డాక నేలకు తగిలే గుబ్బలను మాత్రం రాసి మెరిపించాలి. రోడ్డు మీద నడిచిన ఉక్కు అక్కడే తళుక్కుమంటుంది. చాలామంది ఒళ్లంతా తుప్పు పులుముతారు, అది తప్పు. వాడుకలో ఉన్న ట్యాంకు కవచం రంగు కింద ఉంటుంది. తుప్పు పట్టేది పొగగొట్టం చుట్టూ. మట్టి కావాలంటే సీసాల్లో కొనక్కరలేదు. చెలక ఎర్రమట్టిని వస్త్రగాలితం పట్టి చల్లితే మన నేల మీద నడిచిన బండి లాగే ఉంటుంది.

జింకు గురించి ఒక హెచ్చరిక. 1930లలో జింకు మిశ్రమంతో పోసిన బొమ్మ కార్లు ఎన్నో ఇప్పుడు అల్మారాల్లోనే పొడిగా రాలిపోతున్నాయి. పోతలో కలిసిన పిసరంత సీసం ఏళ్ల తరబడి లోపల్లోపల బీటలు తీస్తుంది. పాత బొమ్మలు సేకరించేవారు దీన్ని జింకు చీడ అంటారు.

సాలార్‌జంగ్ మ్యూజియం పిల్లల విభాగంలో బొమ్మ సైనికులున్నారు. 1949లో కన్నుమూసిన మూడో సాలార్‌జంగ్ బొమ్మలను కూడా శిల్పాలంత శ్రద్ధగా సేకరించాడు. లోపల బోలుగా ఉండే సీసపు సైనికుల పోతను ఇంగ్లండులో విలియం బ్రిటన్ 1893లో మొదలుపెట్టాడు. కరిగిన సీసం అచ్చులో పోసి, అంచు గట్టిపడగానే మిగిలింది వెనక్కి ఒంపేయడమే ఆ కిటుకు. సీసం ఆదా, బరువు ఆదా. ట్యాంకు కవచాన్ని కనబడే చోటే మందంగా ఉంచే నేర్పుకు ఇది తాత.

అదే మ్యూజియంలోని సంగీత గడియారాన్ని లక్షలమంది చూసి ఉంటారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ నుంచి వచ్చింది. అందులో కమ్మరి బొమ్మ సెకనుకొక సుత్తి దెబ్బ వేస్తుంది. నిజమైన కమ్మరి అంత వేగంగా రోజంతా కొట్టలేడు. కానీ చేయి పొట్టిదైనకొద్దీ ఊపు వేగం పెరుగుతుంది, లోలకం పొట్టిదైతే వేగంగా ఊగినట్టే. 1:6 ట్యాంకు గతుకు మీద ఊగే ఊపు కూడా అసలు దానికన్నా దాదాపు రెండున్నర రెట్లు వేగంగా ఉంటుంది. నమూనా ట్యాంకుని వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూపిస్తే అది ఒక్కసారిగా యాభై టన్నుల బండిలా కనబడటానికి కారణం ఇదే.

ఇవన్నీ నడిచే, కదిలే లోహాలు. కదలని నమూనాలు చూడాలంటే పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి పోవాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకల్లో నగర భవనాల వెండి నమూనాలున్నాయి. ఆ ఉత్సవాలు 1937లో జరిగాయి. వెండి పనికి ఒక శాపం ఉంది. గాలికి నల్లబడుతుంది, తోమితే మెరుస్తుంది, కానీ తోమిన ప్రతిసారీ పైపొర కొంచెం పోతుంది. ముందు పోయేవి కిటికీ చట్రాలు, గుమ్మటం మీది గీతలు. గాజు పెట్టె వెనక ఉంచడం అందుకే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దుస్తుల అల్మారా కూడా అక్కడే ఉంది. హవేలీలో ఒక పార్శ్వం పొడవునా రెండంతస్తులుగా సాగి, చేత్తో తిప్పే చెక్క లిఫ్టుతో నడుస్తుంది. ప్రపంచంలో అత్యంత పొడవైన అల్మారా అని పేరు.

లాడ్ బజార్‌లో దొరికే ఇత్తడి చార్మినార్లనూ ఒకసారి కొలిచి చూడండి. అసలు కట్టడం ఒక్కో పక్క 20 మీటర్లు, కమాను వెడల్పు 11 మీటర్లు. అంటే గోడ వెడల్పులో సగానికి పైగా ఖాళీయే. ఒక్కో పక్క 20 సెంటీమీటర్ల నమూనా అయితే కమాను వెడల్పు 11 సెంటీమీటర్లు ఉండాలి. చాలా బొమ్మల్లో కమాను సన్నబడి, చార్మినార్ గంభీరత పోయి, బరువైన పెట్టెలా తయారవుతుంది. కొలత పట్టుకున్న బొమ్మ దొరికితే బేరం ఆడకుండా కొనుక్కోవచ్చు.

చూడదలిచినవారికి: సాలార్‌జంగ్, నిజాం మ్యూజియాలు రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. సాలార్‌జంగ్ సంగీత గడియారంలో గంట కొట్టే గడ్డపు మనిషి బొమ్మ సమయానికి మూడు నిమిషాల ముందే బయటికి వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు పడేది మధ్యాహ్నం పన్నెండుకు కాబట్టి 11:50కల్లా అక్కడుంటే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. బహదూర్‌పురాకు మధ్యాహ్నం బయల్దేరవచ్చు.